సరిపోయిన చెప్పులు

నర్సు ఆ చిన్న యంత్రాన్ని నా పొట్ట మీద అటూ ఇటూ జరిపింది. బొడ్డు కింద ఒకసారి, కుడి పక్కన ఒకసారి, ఎడమ పక్కన గట్టిగా అదిమి ఒకసారి, ఆ చల్లటి జెల్లు మళ్ళీ పూసి మళ్ళీ ఒకసారి. అందులోంచి వచ్చింది బుస్సుమనే చప్పుడొక్కటే. ఆమె మొహం చూద్దామంటే మొహం యంత్రం వైపు తిప్పేసుకుంది. "డాక్టరమ్మ ఆపరేషన్‌లో ఉన్నారు. రాగానే పెద్ద స్కానింగ్ మిషన్‌తో చూస్తారు. నువ్వు ఎడమ పక్కకి తిరిగి పడుకో, అలా పడుకుంటే బిడ్డకి రక్తం బాగా అందుతుంది" అని చెప్పి వెళ్ళిపోయింది. ఏమైందని నేను అడగలేదు. నోట్లో నాలుక లేనిదాన్నేం కాదు, మా వర్క్‌షాపులో సూపర్‌వైజరు కూడా నాతో మాట్లాడే ముందు గొంతు సవరించుకుంటాడు, అయినా అడగలేదు. అడిగితే చెబుతుంది. అడగనంతసేపూ ఆ యంత్రమే పాడైపోయి ఉండొచ్చు. ఇంతమంది పొట్టల మీద తిరిగీ తిరిగీ అరిగిపోయి ఉండొచ్చు, లోపల బ్యాటరీ చచ్చిపోయి ఉండొచ్చు. మా మిషన్లు మొరాయించడం లేదూ, నెలకోసారి మెకానిక్కు రావడం లేదూ. ఎడమ పక్కకి తిరిగి పడుకున్నాను.

గోడ నా మొహానికి జానెడు దూరంలో ఉంది. లేత ఆకుపచ్చ రంగు, కింద పెచ్చులూడి లోపలి తెలుపు కనిపిస్తోంది, మధ్యలో ఎవరో గోటితో గీసిన గీతలు. నాకంటే ముందు ఈ మంచం మీద ఇలాగే ఎడమ పక్కకి తిరిగి పడుకున్నవాళ్ళు కాబోలు. చేతికి సూది, సూదికి గొట్టం, గొట్టంలో మందు. ఆ మందు ఎక్కడం మొదలవగానే ఒళ్ళంతా లోపల్నుంచి సెగలు కమ్మింది. ఫిట్స్ రాకుండా ఇస్తున్నాం అన్నారు. నాకు ఫిట్సేమిటి, మా ఇంటా వంటా లేవు. తల మాత్రం పగిలిపోతోంది, కుడి డొక్క కింద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుంది, అవన్నీ సరే, నా చెవులు మాత్రం ఆ యంత్రం దగ్గరే ఉండిపోయాయి. ఐదో నెలలో మొదటిసారి బిడ్డ గుండె చప్పుడు వినిపించారు. టకటకటకటక. నేను పకపకా నవ్వేశాను. మా కుట్టు మిషను పెడలు పూర్తిగా తొక్కితే అచ్చం అదే చప్పుడు. "వీడెవడో ఆర్డరు తొందర మీదున్నాడు" అన్నాను, ఆ రోజు నర్సు కూడా నవ్వింది. ఇప్పుడు ఫ్యాను కిర్రుమంటోంది, తోపుడు బండి చక్రం ఒకటి ఏడుస్తూ పోతోంది, ఎవరిదో దగ్గు, అన్నిటి మధ్యా నేను ఆ టకటక కోసం వెతుకుతున్నాను, చెవితో కాదు, పొట్టతో. ఒక్కసారి తన్నరా. పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదని అలిగావా. అలిగితే అలిగావు, ఒక్క తన్ను తన్ని మళ్ళీ అలుగు.

చెప్పులు ఏవి? ఈ గది గుమ్మం దగ్గర విప్పించేశారు, అత్తయ్య తీసే ఉంటుంది, లేకపోతే ఎవరైనా తొడుక్కుపోతారు. అవి పోతే పెద్దక్క నన్ను బతకనివ్వదు. అవి నావి కావు, ఎవరివీ కావు. మాది చెప్పులూ బూట్లూ కుట్టే వర్క్‌షాపు, పైతోలు కుట్టే మిషన్ల వరుసలో కిటికీ పక్కది నాది. అక్కడ జిగురు డబ్బాలుండే బీరువా వెనకాల మేకుకి ఒక జత వేలాడుతూ ఉంటుంది. మెత్తటి గోధుమరంగు తోలు, వెడల్పాటి పట్టీలు, ఆడవాళ్ళ నమూనా, మగవాళ్ళ సైజు. ఎప్పుడో ఎవరో తప్పు కొలతలిచ్చి చేయించుకుని తీసుకెళ్ళకుండా వదిలేసిన జత. అవి మాలో కడుపుతో ఉన్నవాళ్ళ చెప్పులు. ఎవరి చెప్పులు వాళ్ళకి బిగుతైతే పెద్దక్క వాటిని దింపి, తుడిచి, వాళ్ళ కాళ్ళ ముందు పెడుతుంది. పెద్దక్క అంటే మా అందరికంటే ముందునుంచీ చెప్పుల అడుగు అట్టలు కోస్తున్నావిడ, ఆవిడ మాటంటే మాటే. మొదట్లో అవి వదులుగా ఉండి టపటపలాడతాయి, నడుస్తుంటే అందరూ ఏడిపిస్తారు. పాదం వాటి నిండా పట్టిన రోజు మాత్రం మిషన్లు ఆపేసి చప్పట్లు. కాన్పయ్యాక బిడ్డని ఎత్తుకుని వచ్చి చెప్పులు తిరిగిచ్చేటప్పుడు, తనకి నచ్చిన రంగు దారంతో పట్టీ లోపలివైపు ఒక కుట్టు వేసి పోవాలి. ఎరుపు, పసుపు, నీలం, ఒకావిడ వెండిదారం కూడా వాడింది. ఆ కుట్లు చూపించి పెద్దక్క "వీళ్ళందరి కాళ్ళూ వాచాయి, వీళ్ళందరి పిల్లలూ బళ్ళో అల్లరి చేస్తున్నారు" అంటుంది. దానికి ఎదురు చెప్పేదెవరు?

నా పాదం చిన్నది, పిల్లల సైజుకి కాస్త పైన. పాదం చూసి సైజు చెప్పేస్తాను నేను, బస్సులో కూర్చుంటే ఎదుటివాళ్ళ మొహాలు చూడను, కాళ్ళే చూస్తాను, ఎవరిది ఎటు అరిగింది, ఎవరు మడమ ఈడుస్తారు, ఎవరు ఇరుకు బూట్లలో నవ్వుతూ ఏడుస్తున్నారు. అంత గొప్పదాన్ని. ఆ చెప్పులు నా కాళ్ళకి పడవల్లా ఉండేవి, నీకు జన్మలో సరిపోవు అని పెద్దక్క తేల్చేసింది. అందుకే కాబోలు అంత పట్టుదల నాకు. రోజూ పొద్దున లేవగానే పాదాలే చూసుకునేదాన్ని, వాటిని పెరగమని బతిమాలేదాన్ని. అవి పెరిగాయి. వారం తిరక్కుండా పెరిగాయి. చీలమండ ఎముక మాయమైపోయింది, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది, చేతి వేలినుంచి ఉంగరం ఊడి రాలేదు, సబ్బు రాసి లాగాం. సరిపోయిన రోజు నేను మిషన్ల వరుస ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచి చూపించాను, నడుం మీద చెయ్యి పెట్టుకుని, అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టుకున్నాను. అంత సంతోషంగా నేనెప్పుడూ నడవలేదు.

ఇంట్లోనూ అంతే. అత్తయ్య నలుగురిని కన్న మనిషి, నలుగురినీ ఇంట్లోనే, మంత్రసాని వచ్చేలోపే ఇద్దరు బయటికొచ్చేశారట. "మొహం నిండుగా అయింది, ఒళ్ళు చేశావు, నా దిష్టే తగిలేలా ఉంది" అని మురిసిపోయేది. ఒంటికి నీరు పడితే కాన్పు సులువవుతుందట, ఆవిడకీ అలాగే పట్టిందట. చెడ్డది కాదు, నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని నూనె రాసేది, వద్దంటే నోరుమూసుకోమనేది. తలనొప్పి అంటే అది జిగురు వాసనే. మా వర్క్‌షాపులో తలనొప్పి లేనిదెవరికి? జిగురు బల్ల దగ్గర పనిచేసేవాళ్ళు నుదుటికి గుడ్డ కట్టుకునే కూర్చుంటారు, తల నొప్పిగా ఉంది అని ఎవరైనా అంటే కొత్తగా చేరావా అని అడుగుతారు. కళ్ళ ముందు మిణుకుమిణుకుమంటూ చుక్కలు కనిపిస్తే అది సూది మీద పడే లైటు. డొక్కలో నొప్పి వస్తే బిడ్డ తల అక్కడ ఆనింది. ప్రతిదానికీ ఒక జవాబు ఉంది, అన్నీ మంచి జవాబులే, అన్నీ నన్ను ప్రేమించేవాళ్ళు చెప్పినవే. ఎవరిమీద కోపం తెచ్చుకోను?

కోపం అంటే గుర్తొచ్చింది. మా వీధి చివరి చిన్నాసుపత్రిలో ఒకసారి చేతికి పట్టీ చుట్టి చూసి, "బీపీ ఎక్కువగా ఉందమ్మా, వారంలో తప్పకుండా మళ్ళీ రా" అన్నారు. ఎందుకు రావాలో చెప్పలేదు, వెనక పెద్ద వరుస ఉంది, నేనూ అడగలేదు. ఇంటికొచ్చి చెబితే అత్తయ్య "బీపీ ముసలివాళ్ళకి కదా, నాకే లేదు, నీకెక్కడిది" అంది. మా ఆయన పడీ పడీ నవ్వాడు. బీపీ అంటే మా ఇంట్లో కోపమే. "ముక్కు మీద కోపం పెట్టుకుని తిరిగితే ఎక్కదా మరి? కాస్త తగ్గించుకో, అదే తగ్గుతుంది" అన్నాడు. నేను నిజంగానే తగ్గించుకున్నాను. ఆ వారమంతా కోపం మానేశాను. తడి తువ్వాలు మంచం మీద పడేసి పోతే తీసి ఆరేశాను. సూపర్‌వైజరు నా కుట్టు వంకరపోయిందంటే "అలాగే సార్" అన్నాను, ఆయన బెదిరిపోయి మంచినీళ్ళు తాగు అన్నాడు. మందు వేసుకున్నట్టే అనుకున్నాను, వారం తిరిగేసరికి తగ్గే ఉంటుందిలే అనుకున్నాను. మళ్ళీ వెళ్ళాలంటే పొద్దున్నే పోయి నిలబడాలి, క్రితంసారి అలా నిలబడితే మధ్యాహ్నమయ్యాక, చూసే ఆవిడ సెలవని చెప్పి రేపు రమ్మన్నారు. ఆర్డరు తొందరలో మానేసిన వాళ్ళ మిషను ఇంకొకరికి వెళ్ళిపోతుంది, తిరిగొస్తే జిగురు బల్లే. కిటికీ పక్క సీటు అది, అక్కడ గాలొస్తుంది, బిడ్డ కోసమే కదా ఆ సీటుకి అంటిపెట్టుకున్నాను. ఇవన్నీ నిజాలే. వీటి వెనక ఇంకో నిజం ఉంది, వెళ్తే కడుపు కోసేస్తారేమోనని నాకు భయం. తెలియకుండా ఉన్నంతసేపూ ఏమీ లేనట్టే కదా అనిపించేది.

"ఏమ్మా, నీకూ నీరేనా?" అని వెనకనుంచి గొంతు. పక్క మంచం ఆవిడ. నేను గోడవైపు తిరిగే "ఊఁ" అన్నాను. "నేను ఉప్పు మానేసి నెలయిందమ్మా. చప్పిడి కూడు తిని తిని నాలుక చచ్చిపోయింది. ఉప్పు వల్లే కదా నీరు పట్టేది? మరెందుకు తగ్గలేదో."

"నేను కోపం మానేశాను" అన్నాను.

"తగ్గిందా?"

"లేదు."

ఆవిడ నవ్వింది, నాకూ నవ్వొచ్చింది, నవ్వుతుంటే డొక్కలో కలుక్కుమంది. ఆవిడ ఏదో హోటల్లో గిన్నెలు తోముతుందట, రోజంతా నిలబడే పని కాబట్టి కాళ్ళు వాచాయనుకుందట, ఓ రోజు ఉన్నట్టుండి కళ్ళు బైర్లు కమ్మితే గిన్నెల్లోనే కూలబడిందట. ఆ హోటలు యజమానురాలు ఆటోలో పడేసి తీసుకొచ్చిందట. "ఆవిడ నోటికి జడిసి వచ్చాను గానీ నాకై నేను వచ్చేదాన్నా" అంది. నన్నెవరూ ఆటోలో పడెయ్యలేదు. ఈ పొద్దున నేను పట్టీ కుడుతుంటే సగం పట్టీ కనిపించలేదు. లైటు పోయిందనుకున్నాను. అన్నీ ఎడమకాలి పట్టీలే కుట్టుకుంటూ పోయాను, కుప్పంతా. పిట్ట వచ్చి చూసి "అక్కా, ఇదేంటి" అంది. పిట్ట అంటే కొత్తగా చేరి బకిళ్ళు బిగించే అమ్మాయి, తిండి పిట్టతిండి, ఆరో నెల అంటే ఎవరూ నమ్మరు. నిన్ననే తన చీలమండ చూపించి "అక్కా, చూడు, నాక్కూడా కొంచెం వాచింది, నీ తర్వాత ఆ చెప్పులు నాకే" అని గొప్పలు పోయింది. నేను వేలితో నొక్కి చూసి "ఇంకా చాలా తినాలి నువ్వు" అన్నాను. ఈ పొద్దున ఆ పిట్టే నన్ను పట్టుకుంది, నేను దాని మీద వాంతి చేసుకున్నాను, అదే మా ఆయనకి ఫోన్ చేసింది.

ఆయన తలుపు అవతలే ఉండుంటాడు. లోపలికి మగవాళ్ళని రానివ్వరు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుపోతే, పనిముట్లు తియ్యకముందే తలుపుకి నోరు ఆనించి "భయపడకండి, నేనొచ్చాను" అని అరవాలట, సగం పని దానితోనే అయిపోతుందట. నా పొట్టకి నోరు ఆనించి కూడా అలాగే మాట్లాడతాడు. నెలకో అంతస్తు. "ఏరా, ఎక్కడున్నావ్? ఏడో అంతస్తు దాటావా? ఇంకెంత, పైకొచ్చేశావ్" అంటాడు. నిన్న రాత్రి కూడా అన్నాడు. అప్పుడు వాడు తన్నాడా? తన్నాడు అనే చెప్పాను. ఆయన చెయ్యి వేసి చూసి నాకేం తెలియలేదే అంటే నీ చెయ్యి మొద్దు అన్నాను. తన్నాడా? మొన్న తన్నాడు, అది గట్టిగా తెలుసు, మిషను బల్ల కదిలింది. నిన్న మధ్యాహ్నం ఏదో మెత్తగా జరిగింది, నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు. అదే కాబోలు. పడుకున్నాడులే, నాకు నొప్పిగా ఉందని కదలకుండా ఉన్నాడులే, బుద్ధిమంతుడు అనుకున్నాను. తండ్రిలా అల్లరివాడు కాదని మురిసిపోయాను కూడా.

నర్సు మళ్ళీ వచ్చింది. నా దగ్గరికి కాదు, పక్క మంచం దగ్గరికి. వెనకనుంచి ఆ జెల్లు గొట్టం నొక్కిన చప్పుడు, ఆవిడ "అబ్బా, చల్లగా ఉంది" అనడం. ఆ యంత్రమే. బుస్సుమంది, గరగరమంది, తర్వాత టకటకటకటకటక. గదంతా. ఆర్డరు తొందర మీదున్న మిషనులా, ఆగకుండా, గోడకి తగిలి నా మొహం మీదికి వచ్చింది. అది పాడవలేదు. బ్యాటరీ అయిపోలేదు. పక్కావిడ ఒక్క క్షణం "విన్నావా, దొంగ!" అని సంబరపడింది, అంతలోనే ఆగిపోయింది, నా వీపు వంకే చూస్తోందని నాకు తెలుస్తోంది. "కాస్త చప్పుడు తగ్గించండమ్మా" అని నర్సుతో చిన్నగా అంది. నర్సు తగ్గించింది. తగ్గించినా వినిపిస్తూనే ఉంది. నేను చెవులు మూసుకోలేదు. అంత బాగుంది ఆ చప్పుడు, నాది కాకపోయినా విందామనిపించింది.

ఆ గోడ మీద గీతలు చూస్తూ ఉంటే పొడుగమ్మాయి గుర్తొచ్చింది. ప్యాకింగ్‌లో ఉండేది, ఎత్తుగా, తలుపు కింద వంగి వచ్చేది. నాకంటే ముందు ఆ చెప్పులు తొడుక్కున్నది తనే, తనకి తొడగ్గానే సరిపోయాయని ఎంత నవ్వుకున్నామో. తర్వాత ఒకరోజు వాళ్ళన్న వచ్చి చెప్పులు సంచిలో పెట్టి తెచ్చిచ్చాడు, గుమ్మం దాటి లోపలికి రాలేదు. పెద్దక్క తుడిచి మేకుకి తగిలించింది. వేరే పనిలో చేరిందట అని ఎవరో అన్నారు, ఎవరన్నారో గుర్తులేదు. పట్టీలో తన కుట్టు లేదు. కుట్టు వేసేది తిరిగొచ్చినవాళ్ళే కదా. బిడ్డని ఎత్తుకుని నవ్వుతూ వచ్చినవాళ్ళ కుట్లే అందులో ఉంటాయి, రానివాళ్ళు ఎందరో ఆ తోలుకేం తెలుసు? అంతమంది ఆడవాళ్ళం, రోజంతా నోళ్ళు మూతపడవు, ఎవరి మొగుడేమన్నాడో ఎవరి అత్త ఏం వండిందో అన్నీ అడుగుతాం. ఆ అన్నని గుమ్మంలో నిలబెట్టి చెల్లెలికేమైంది బాబూ అని ఒక్కరమూ అడగలేదు. అడిగితే చెప్పేవాడు.

డాక్టరమ్మ వచ్చింది, చిన్నపిల్లే, కళ్ళ కింద నలుపు, టోపీ తియ్యడం మర్చిపోయింది. పెద్ద మిషను పక్కకి లాగి, తెర తన వైపు తిప్పుకుని చాలాసేపు చూసింది. చూసి, మిషను ఆపి, స్టూలు లాక్కుని నా తలదగ్గర కూర్చుంది. కూర్చోగానే నాకు అర్థమైంది, మంచి కబురు చెప్పేవాళ్ళు నిలబడే చెబుతారు. "బిడ్డ గుండె కొట్టుకోవడం లేదమ్మా" అంది. "బీపీ బాగా పెరిగిపోయి బిడ్డకి రక్తం అందలేదు. ఇప్పుడు మీ ప్రాణం కాపాడాలి. నొప్పులు రావడానికి మందు పెడతాం." ఇంకా ఏవో చెప్పింది. నేను ఆమె చెప్పిన ప్రతిదానికీ అలాగే, అలాగే అన్నాను. చివరికి "నేను కోపం మానేశానండీ" అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. నా చెయ్యి పట్టుకుని "మీ తప్పు లేదు" అంది. తప్పు సంగతి కాదు, నాకు వాడు కావాలి. తండ్రి పోలికో నా పోలికో, వాడి పాదం ఏ సైజో చూడాలని ఉండేది, అరచేతిలో పట్టే పాదం, దానికి మెత్తతోలుతో నేనే కుడదామనుకున్న చిన్న జత. ఏడుపు గొంతులోంచి రాలేదు, ఆ వాచిన పాదాల దగ్గర్నుంచి, ఎక్కడో అడుగునుంచి వచ్చింది. పక్కావిడ మంచం దిగివచ్చి నా తల పట్టుకుంది. తలుపు అవతల మా ఆయనకి ఎవరో చెప్పినట్టున్నారు, "నేనొచ్చాను, నేనిక్కడే ఉన్నాను" అని తలుపుకి నోరు ఆనించి అరుస్తున్నాడు, ఆ గొంతు నాకు తెలిసిన గొంతులా లేదు.

అత్తయ్యని ఒక్కదాన్నే లోపలికి రానిచ్చారు. చెప్పులు గుండెకి అదుముకుని వచ్చింది. బయట వదిలితే పోతాయన్నారట. స్టూలు మీద కూర్చుని నన్ను ముట్టుకోవడానికి కూడా భయపడింది. "నలుగురిని కన్నానే. నాకేం తెలుసే తల్లీ, నాకేం తెలుసు" అని గొణిగింది. నేను ఆవిడ ఒళ్ళోని ఆ చెప్పులు చూశాను. నా పాదాల అచ్చు లోపల స్పష్టంగా పడి ఉంది, ఐదు వేళ్ళూ.

"అత్తయ్యా, మీ ఫోన్లో పెద్దక్క నంబరుంది కదా?"

"ఉందమ్మా."

"చేసి పిట్టని పిలవమనండి. రేపు కాదు, ఈ పూటే ఇక్కడికి వచ్చి బీపీ చూపించుకోమనండి. పిట్ట మాట వినకపోతే ఆటోలో పడేసి తీసుకురమ్మనండి. చెప్పులు సరిపోయేదాకా ఆగొద్దని చెప్పండి."

ఆవిడ కొంగుతో ఫోను తుడిచి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఫోను తుడిచింది. "నీ గురించి అడిగితే ఏమని చెప్పనే?"

"ఉన్నది చెప్పండి. అందరికీ వినపడేట్టు చెప్పమనండి."

ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి గట్టిగా మాట్లాడుతోంది, అవతల మిషన్ల చప్పుడు కాబోలు, ప్రతి మాటా రెండేసి సార్లు చెబుతోంది. డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ, ఇక ఎటు అనుకూలంగా ఉంటే అటు పడుకోండమ్మా అని చెప్పింది. నేను కొంగు పొట్ట మీదికి లాక్కుని ఎడమ పక్కకే తిరిగి పడుకున్నాను.